ప్రక్రియకు పాతివ్రత్యం

ప్రొద్దుటూరులో ఏ సాహిత్య సభకైనా ఒక కుర్రవాడు నాలుగు కవితలు, రెండు కథలు పట్టుకొని వస్తే, వాటిలో ఏముందని అడిగేవాళ్లు తక్కువ. "ఇంతకూ నువ్వు కవివా, కథకుడివా? ముందు అది తేల్చుకో నాయనా" అనేవాళ్లే ఎక్కువ. ఆ వెనకే సలహా కూడా సిద్ధంగా ఉంటుంది. ఒక్క ప్రక్రియ పట్టుకో, జీవితాంతం దాన్నే సాధన చెయ్యి, అన్నిట్లో వేలు పెడితే ఎందులోనూ నిలబడవు, రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు ఏమవుతాడో తెలుసు కదా! ఇలా చెప్పేవాళ్లలో చెడ్డవాళ్లెవరూ లేరు. కుర్రవాడి మేలు కోరే చెప్తారు. హైదరాబాదులోనైనా డల్లాస్‌లోనైనా తెలుగువాళ్లు పుస్తకావిష్కరణ పెట్టుకున్న ప్రతిచోటా ఇదే మాట. అందరూ అంటున్నారు కాబట్టి ఇక రుజువు అడిగేవాడు లేకుండా పోయాడు.

నేను అడుగుతాను. ఇంకెక్కడ చెల్లినా ఎర్రగుంట్ల చుట్టుపక్కల చెల్లకూడని మాట ఇది. ఎర్రగుంట్లలో రైలు దిగి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల దారుల్లో ఏ దారి పట్టినా, ఆ వైపు నుంచి తెలుగు సాహిత్యంలో పేరు నిలుపుకున్న పెద్దల్లో ఒకే ప్రక్రియను అంటిపెట్టుకొని కూర్చున్న మనిషి నాకు తగల్లేదు. సొంత ఊరి అనుభవాన్ని పక్కన పెట్టి ఎక్కడి నుంచో వచ్చిన సూత్రాన్ని పిల్లలకు నూరిపోస్తున్నాం.

ముందు ప్రొద్దుటూరు సంగతే చూద్దాం. పుట్టపర్తి నారాయణాచార్యులు 1914లో అనంతపురం జిల్లా చియ్యేడులో పుట్టినా, ఆయన ప్రొద్దుటూరు మనిషిగానే బతికారు, 1990లో ప్రొద్దుటూరులోనే పోయారు. మీసాలు రాని వయసులోనే 'పెనుగొండ లక్ష్మి' రాశారు. ఆ పుస్తకమే తర్వాత విద్వాన్ పరీక్షలో ఆయనకు పాఠ్యంగా ఎదురైందన్నది ఊరంతా చెప్పుకునే ముచ్చట. అగస్త్యేశ్వరస్వామి గుడిలో ప్రదక్షిణలు చేస్తూ 'శివతాండవం' కట్టారని కూడా చెప్పుకుంటారు. అంత పేరు తెచ్చిన రచన చేతికి వచ్చాక, నేటి సలహాదారుల లెక్క ప్రకారం ఆయన ఏం చేయాలి? ఆ నడకలోనే ఇంకో పది తాండవాలు రాసి 'తాండవ కవి' అని బిరుదు వేయించుకోవాలి.

ఆయన చేసింది వేరు. పండరి భక్తుల కథలు చెప్పాలనుకున్నప్పుడు ద్విపద ఎత్తుకొని 'పండరీ భాగవతం' రాశారు. రామాయణం మామూలు జనం నోట ఆడాలనిపించినప్పుడు మాత్రాఛందస్సులో 'జనప్రియ రామాయణం' రాశారు. వ్యాసుణ్నీ వాల్మీకినీ పక్కపక్కన పెట్టి తూచాల్సి వచ్చినప్పుడు పద్యం పక్కన పెట్టి వచనంలోకి దిగారు. నవల రాశారు, కీర్తనలు కట్టారు. విశ్వనాథ 'ఏకవీర'ను మలయాళంలోకి తిప్పారు. ఇంగ్లీషులో 'లీవ్స్ ఇన్ ది విండ్' కవితలు, 'ది హీరో' నాటకం రాశారు. 1972లో పద్మశ్రీ ఇచ్చారు, అది వేరే సంగతి.

'శివతాండవం' విన్నవాళ్లకు తెలుసు, అది నడుస్తుంటే కాలు ఊరకుండదు. మద్దెల దరువు, గజ్జెల మోత మాటల్లోనే ఉంటాయి. అర్థం తెలియని పిల్లలు కూడా తల ఊపుతారు. ఆ దరువులో కూర్చొని భారతంలో ఏ పాత్ర ఎందుకు అలా ప్రవర్తించింది, అది న్యాయమా కాదా అని తర్కించడం సాధ్యమా? వాదానికి ఆగి ఆలోచించే వాక్యం కావాలి, 'అయితే', 'కానీ' కావాలి. పరుగెత్తే దరువు వాటిని ఒప్పుకోదు. ఆచార్యులవారు ప్రక్రియలు మార్చింది చపలచిత్తంతో కాదని ఈ ఒక్క పోలికతోనే తేలుతుంది. చెప్పాల్సింది మారినప్పుడల్లా చెప్పే తీరూ మారింది. అలా మార్చకుండా ఉండి ఉంటే ఆయన తన దగ్గరున్నదాంట్లో ముప్పాతిక వంతు మింగి కూర్చోవాల్సి వచ్చేది.

పులివెందుల వైపు వెళ్దాం. 1922లో పైడిపాలెంలో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డిని, రారాను, ఈనాడు విమర్శకుడనే ఒక్క మాటతో సరిపెడుతున్నారు. ఆయన 'అలసిన గుండెలు' కథలు రాశారు. 'సవ్యసాచి' వారపత్రిక నడిపారు. కడప నుంచి 'సంవేదన' తెచ్చారు. మాస్కో వెళ్లి ప్రగతి ప్రచురణాలయంలో అనువాదకుడిగా పనిచేశారు. వచ్చాక 'సారస్వత వివేచన', ఆ తర్వాత 'అనువాద సమస్యలు' వెలువడ్డాయి. ఈ చివరి పుస్తకానికే 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆ ఏడాదే ఆయన పోయారు.

ఈ వరసను కాస్త నిదానంగా చూడాలి. తను కథ రాసి దాని చిక్కులు అనుభవించినవాడు కాబట్టే, పక్కవాడి కథలో ఏ వాక్యం బరువు మోయడం లేదో రారా వేలు పెట్టి చూపించగలిగారని నా నమ్మకం. ఇది నా అభిప్రాయమే, కాదనేవాళ్లు కాదనవచ్చు. 'అనువాద సమస్యలు' విషయంలో మాత్రం అభిప్రాయానికి తావు లేదు. ఏళ్ల తరబడి రోజూ పరాయి వాక్యాన్ని ఎదురుగా పెట్టుకొని, దాన్ని తెలుగు నోటికి తేవడానికి తంటాలు పడినవాడు తప్ప ఇంకొకడు ఆ పుస్తకం రాయలేడు. రారా యవ్వనంలోనే "నేను విమర్శకుణ్ని, అనువాదం నా పని కాదు" అని గిరి గీసుకొని ఉంటే, ఆయన విమర్శకే అకాడమీ బహుమతి తెచ్చిన పుస్తకం పుట్టేది కాదు. ఒక్క ప్రక్రియను నమ్ముకుంటే ఆ ఒక్కటైనా గొప్పగా వస్తుందంటారే, ఇక్కడ ఆ ఒక్కటీ పక్కదారిలోంచే వచ్చింది.

ఇక ఎర్రగుంట్ల. కేతు విశ్వనాథరెడ్డి 1939లో రంగశాయిపురంలో పుట్టారు. 1996లో కథల సంపుటికే అకాడమీ బహుమతి వచ్చింది. 2023లో పోయేదాకా ఆయన కథకుడే, పోయాకా కథకుడే. నిజమే, గొప్ప కథకుడు. వాన మీద ఆశ పెట్టుకొని దిగబడిపోయిన రైతును, ఊరిని పంచుకు తినే కక్షలను, పట్నం చేరిన పల్లెటూరి చదువరి ఇబ్బందిని ఆయన కథల్లో చూసినంత దగ్గరగా ఇంకెక్కడా చూడలేదు. అయితే 'వేర్లు', 'బోధి' నవలలు రాసిందెవరు? కొడవటిగంటి కుటుంబరావు సాహిత్య సంపుటాలకు సంపాదకత్వం వహించిందెవరు? అంతకన్నా ముఖ్యం, 'కడప ఊర్ల పేర్లు' పరిశోధన ఎవరిది?

ఈ పరిశోధనను జీవిత విశేషాల్లో ఒక వాక్యంలో దాటేస్తారు. డాక్టరేటు కోసం అందరూ ఏదో ఒకటి చేస్తారు కదా అన్నట్టు. నాకైతే ఆయన కథలకు తలుపు అక్కడే కనబడుతుంది. కలమళ్ల, చిలమకూరు, నిడుజువ్వి, పోట్లదుర్తి అంటూ ఒక్కో ఊరి పేరు పట్టుకొని, దాని వెనక ఒక గుంట ఉందా, వంక ఉందా, చెట్టు ఉందా, ఎవరైనా మనిషి ఉన్నాడా అని వెతికిన మనిషికి, ఊరు అనేది కథకు వెనక కట్టే తెరలాగా కనబడదు. ఒక జిల్లాలోని ఊర్ల పేర్లన్నీ పట్టే జాగా కథలో ఎక్కడుంది? పరిశోధన గ్రంథంలో ఉంది. ఒక రైతు తన చేనుగట్టు మీద నిలబడిన క్షణం పట్టే జాగా పరిశోధన గ్రంథంలో లేదు, కథలో ఉంది. ఒకే నేలను రెండు తీర్ల చూశారాయన.

జమ్మలమడుగు సంగతి క్లుప్తంగానే చెప్తాను. అక్కడ పుట్టిన దుర్భాక రాజశేఖర శతావధాని, ఆ తాలూకాలోనే నెమళ్లదిన్నెలో పుట్టిన గడియారం వేంకటశేషశాస్త్రి జంటగా అవధానాలు చేశారు. సభ ఊపిరి బిగబట్టి చూస్తుండగా సమస్యకు పూరణ, దత్తపదికి పద్యం అప్పటికప్పుడు రావాలి. చప్పట్లు కూడా అప్పటికప్పుడే వస్తాయి. ఆ చప్పట్లు చాలనుకొని ఉంటే ఒకరి 'రాణాప్రతాపసింహ చరిత్ర', ఇంకొకరి 'శివభారతం' ఉండేవి కావు. వినడానికి ఎవరూ లేని గదిలో ఏళ్లు కూర్చొని రాయాల్సిన కావ్యాలవి. పైగా అవధానమే చూడండి, వర్ణనకూ, నిషిద్ధాక్షరికీ, అప్రస్తుత ప్రసంగానికీ ఒకే మనిషి ఒకే పూట జవాబు చెప్పాలి. అవధానులకు నిలయమని ప్రొద్దుటూరు గర్వపడుతుంది, ఆ ఊరి సభల్లోనే పిల్లలకు "ఒక్కటే పట్టుకో" అని చెప్తారు. ఈ రెండూ ఎలా పొసుగుతాయో వాళ్లే చెప్పాలి.

కలమళ్ల పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. రేనాటి చోళుల ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి శాసనం, క్రీ.శ. 575 నాటిదని చెప్పేది, ఎర్రగుంట్ల మండలంలోని ఆ ఊరిదే. తెలుగులో దొరికిన తొలి శాసనంగా దాన్ని లెక్కిస్తాం. అది వచనం. మొదట చేతికొచ్చిన ప్రక్రియకే కట్టుబడటం ధర్మమైతే మనం ఇప్పటికీ దానశాసనాలే చెక్కుకుంటూ ఉండాలి. 848 నాటి అద్దంకి శాసనం దగ్గరికి వచ్చేసరికి తరువోజ కనబడుతుంది. పదకొండో శతాబ్దంలో నన్నయ పద్యమా గద్యమా అని తేల్చుకోకుండా రెంటినీ కలిపి చంపువుగా భారతం మొదలుపెట్టాడు. ఆదికవి అని మనం పిలిచే మనిషే రెండు పడవల మీద కాళ్లు పెట్టాడు.

ఇప్పుడు ఎదుటివాళ్ల అసలు వాదం. సాధన. ఒక ప్రక్రియలో ఆరితేరడానికే జన్మ చాలదు, ఇంకోటి ఎప్పుడు నేర్చుకుంటావు? దీనికి జవాబు చెప్పకుండా తప్పించుకోకూడదు. సాధనలో పదును పట్టేది ఏమిటో చూడాలి. వినే చెవి, చూసే కన్ను, అక్కర్లేని మాటను కొట్టేసే తెగువ, మనుషుల మీద అంచనా. వీటిలో ఏదీ కథకు వేరు, కవితకు వేరు అని ఉండదు. ఎర్రగుంట్ల చుట్టుపక్కల పల్లెల్లో నాపరాయిని చూడండి. గనిలో పొరలు పొరలుగా లేచే బండ ఒక ఇంట్లో నేలకు పరుపు, నెత్తిన కప్పు, గోడలో అర, దొడ్డి చుట్టూ వరసగా నిలబెట్టిన కంచె, ఎద్దులకు నీళ్ల తొట్టి. బండ కొట్టేవాడు సుత్తితో తట్టి మోత వింటాడు, మందం చూస్తాడు, పగులుందేమో వేలితో తడుముతాడు. ఎక్కడికి పనికొస్తుందో ఆ తర్వాత చెప్తాడు. ఇది నేలబండ జాతి, దీన్ని కప్పుకు ఎక్కించరాదు అని గనిలో ఉండగానే ముద్ర వేయడు.

ప్రక్రియకు దాని మెళకువలు దానికి ఉంటాయి, కాదనను. నాటకంలో పాత్ర ఎప్పుడు లోపలికి వెళ్లాలో కథ రాసినంత మాత్రాన తెలియదు. మొదటి నాటకం పేలవంగానే వస్తుంది. రానివ్వండి. మొదటి కథ మాత్రం బాగా వచ్చిందా?

ఇక్కడ వాళ్లు ఇంకో బాణం తీస్తారు. విజిటింగ్ కార్డు మీద 'కవి, రచయిత, విమర్శకులు, గజల్ గాయకులు, సంఘసేవకులు' అని అచ్చువేయించుకున్నవాళ్లను చూపిస్తారు. ప్రతి జిల్లాలోనూ ఉన్నారు, వేదిక ఎక్కితే దిగరు. అన్నీ రాసి ఏదీ రాయనివాళ్లు. ఒప్పుకుంటాను. కానీ వాళ్ల జబ్బు ప్రక్రియలు ఎక్కువవడం వల్ల వచ్చింది కాదు, చెప్పడానికి ఏమీ లేకపోవడం వల్ల వచ్చింది. వాళ్లను ఒక్క కవితకే కట్టేయండి, ఆ ఒక్కదాన్నే రోజుకు నాలుగు రాసి పంపిస్తారు. ఆ బాధ ఇప్పటికే పడుతున్నాం.

ఆ మాటకొస్తే నానీల సంగతి చెప్పుకోవాలి. ఎన్. గోపి 1997 ప్రాంతంలో నాలుగు పాదాలు, ఇరవై నుంచి పాతిక అక్షరాల కొలతతో నానీలు తెచ్చారు. చక్కటి రూపం. వెంటనే నానీల కవులు బయల్దేరారు. నానీలు తప్ప ఇంకేమీ రాయని సంపుటాలు గుట్టలుగా వచ్చాయి. ఆ రూపాన్ని కనిపెట్టిన గోపి మాత్రం 'కాలాన్ని నిద్రపోనివ్వను' వచన కవితలకు 2000లో అకాడమీ బహుమతి అందుకున్నారు, నీటి మీద 'జలగీతం' అనే దీర్ఘకావ్యం రాశారు, అంతకు ఎంతో ముందే వేమన మీద పరిశోధన చేశారు. గురువు పెట్టుకోని దీక్షను శిష్యులు పట్టారు.

వేమన పేరు ఎత్తగానే అవతలివాళ్ల ముఖాలు వెలుగుతాయి. చూశావా, ఆటవెలది ఒక్కదాంతో లోకాన్ని గెలిచాడు! అటు తాళ్లపాక వైపు తిరిగి అన్నమయ్యను కూడా చూపిస్తారు. 32 వేల సంకీర్తనలు, ఇంకేం కావాలి? ఇవి వాళ్ల బలమైన కోటలు. లోపలికి వెళ్లి చూస్తే గోడలు మట్టివి. అన్నమయ్య 'శృంగారమంజరి' రాశాడు, అది మంజరీ ద్విపద. ద్విపదలో రామాయణం రాశాడని, పన్నెండు శతకాలు రాశాడని మనవడు చిన్నన్న రాసిన చరిత్ర చెప్తోంది. సంస్కృతంలో సంకీర్తన లక్షణం రాశాడు, మనకు మిగిలింది ఇంకో మనవడి తెలుగు సేత. శతకాల్లో ఒక్కటే దక్కింది, రామాయణం దక్కనే లేదు. సంకీర్తనలను తిరుమలలో రాగిరేకులకు ఎక్కించారు కాబట్టి సుమారు 14 వేలు చేతికందాయి. రాగిరేకుకు ఎక్కింది మిగిలింది, ఎక్కనిది పోయింది. అలా మిగిలినదాన్ని చూసి, కవి ఒక్క ప్రక్రియకే జీవితం అంకితం చేశాడని తీర్మానించి, దాన్ని ఇంకో తరానికి నీతిగా చెప్తున్నాం.

వేమన విషయంలోనూ అంతే. బ్రౌన్ దొరకు అందినవి జనం నోట నిలిచినవీ, వాటిని విని ఎవరెవరో రాసిపెట్టుకున్నవీ. 1829లో ఆయన అచ్చువేసిన దాని వెనక ఎంత జల్లెడ పట్టుడు జరిగిందో ఊహించండి. అక్షరం రానివాడి నాలుక మీద కూడా ఆటవెలది నిలుస్తుంది. ఆ ఏరివేతలోనూ కందాలు కొన్ని దొరుకుతాయి. అవధూత తత్వం చెప్పినవాడు ఛందస్సు దగ్గర ఒట్టు పెట్టుకున్నాడంటే నవ్వొస్తుంది.

ఒకే ప్రక్రియలో బతుకు పండించుకున్నవాళ్లు అసలే లేరని నేననను. కాళీపట్నం రామారావు ఉన్నారు. 'యజ్ఞం' రాసిన చెయ్యి ప్రధానంగా కథకే అంకితమైంది. అయితే కథ రానప్పుడు ఆయన ఊరకే ఉండిపోయారు, తర్వాత శ్రీకాకుళంలో ఇతరుల కథలకు ఇల్లు కట్టారు. కథకుడన్న పేరు నిలుపుకోవడానికి ఏడాదికి ఇన్నని కథలు దించలేదు. కెనడా రచయిత్రి ఆలిస్ మన్రో 2013లో నోబెల్ అందుకున్నప్పుడు మన కథకులందరూ పండగ చేసుకున్నారు, ఒక్క కథనే నమ్ముకున్నందుకు ఫలితమని. నవల రాయాలనే ఉండేదని, పిల్లల పెంపకం మధ్య అంత తీరిక దొరక్క కథలకు వచ్చానని ఆమే చెప్పుకుంది. వీళ్లిద్దరూ రాసుకుంటూ పోయి ఒకచోట ఆగారు. ఆగుతామని ముందుగా మాట ఇచ్చి బయల్దేరలేదు. థామస్ హార్డీ 1895లో 'జూడ్' తర్వాత నవల మానేసి, పోయేదాకా మరో మూడు దశాబ్దాలు కవిత్వమే రాశాడు. నవలాకారుడిగా అంతటి పేరు వచ్చాక మానెయ్యడమేమిటని ఆయన్ను అడ్డుకోవడానికి మన సభాధ్యక్షులు అక్కడ లేకపోవడం ఇంగ్లీషు కవిత్వం అదృష్టం.

మన కడప జిల్లాలోనే ఇంకో సంగతి. బాలరాజుపల్లెకు చెందిన సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి కవిత్వం రాశారు, కథలు రాశారు. కరువులో గొర్లను తోలుకొని నల్లమల ఎక్కే కాపరుల బతుకు చెప్పాల్సి వచ్చినప్పుడు 'కొండపొలం' నవల అయింది. మంద అడవిలో రోజుల తరబడి నడుస్తుంది, రాత్రిళ్లు కాపలా, పులి భయం, నీటి వెతుకులాట. ఆ నడక సాగినంతసేపూ పాఠకుడూ నడవాలి. పదిపేజీల కథలో కుదించి ఉంటే సమాచారం అందేది, కాళ్లనొప్పి అందేది కాదు. 2019లో తానా నవలల పోటీలో బహుమతి వచ్చింది, 2021లో సినిమా కూడా వచ్చింది. "నువ్వు కథకుడివి కదయ్యా" అని ఎవరైనా ఆపి ఉంటే నష్టం ఎవరికి?

మరి ఈ సలహా ఎవరికి లాభం? రాసేవాడికి లేదు, చదివేవాడికి లేదు. పేర్లను అరల్లో సర్దుకోవాల్సినవాళ్లకు ఉంది. సదస్సు పెట్టేవాళ్లకు 'కథ: ఒక పరిశీలన' పూటకు ఎవర్ని పిలవాలో సులువుగా తేలాలి. బహుమతి ఇచ్చేవాళ్లకు దరఖాస్తులో గడి నిండాలి. బడి పుస్తకంలో ప్రతి పాఠం కిందా 'ఈ పాఠం కథానిక ప్రక్రియకు చెందినది' అని ఒక పెట్టె ఉంటుంది, పరీక్షలో రెండు మార్కులకు వస్తుంది. పాఠానికి ఆ పెట్టె అవసరమే. పదేళ్లు దాన్ని బట్టీపట్టిన పిల్లవాడు పాఠానికున్నట్టే పాఠం రాసినవాడికీ ఒక పెట్టె ఉంటుందనుకుంటాడు. పెద్దయ్యాక సభల్లో అదే అడుగుతాడు.

పాఠకుడు గుర్తుపట్టాలంటే ఒక ముద్ర ఉండాలి కదా అంటారు ఆఖరుకు. రంగశాయిపురం మనిషి రాసిన 'నమ్ముకున్న నేల' కథా, 'వేర్లు' నవలా, ఊర్ల పేర్ల పుస్తకమూ తెచ్చి వరసగా చదవండి. మూడింటి మీదా పేరు చించేసి ఇచ్చినా ఆ మనిషి దొరికిపోతాడు. మాట ఎక్కడ తగ్గించాడో, ఎవరి పక్షాన నిలబడ్డాడో అక్కడ దొరుకుతాడు. అట్ట మీద కథలు అని ఉందా, నవల అని ఉందా అన్నది పుస్తకాల షాపువాడు చూసుకుంటాడు.